కృష్ణకు నీరొచ్చినప్పుడే సీజన్: సాగర్‌లో ఆన్‌లైన్ బుకింగ్‌లు ఎలా చూసుకుంటున్నాం

నాగార్జునసాగర్‌లో గదులు అద్దెకిచ్చే మాలాంటి చిన్న లాడ్జీల వారికి సీజన్ క్యాలెండర్ ప్రకారం రాదు, కృష్ణానది ప్రకారం వస్తుంది. 2023లో ఎగువన వానలు సరిగా లేక సాగర్ క్రస్ట్ గేట్లు, అంటే యాత్రికులు చూడడానికి వచ్చే, ఆనకట్ట పైనుంచి వరద నీటిని వదిలే గేట్లు, ఎత్తే అవసరమే రాలేదు. 2024లో ఆగస్టు మొదటి వారంలో గేట్లు తెరుచుకున్నాయి. 2025లో అంతకన్నా ముందే, జూలై నెలాఖరులో ఎత్తారు. జూలైలో ఎత్తడం 18 ఏళ్ల తర్వాత అదే మొదటిసారని పత్రికలన్నీ రాశాయి. వరుసగా మూడేళ్లు మూడు రకాలుగా గడిచిన చోట, ఏడాది పొడవునా గదులన్నిటినీ ముందే తెరిచి ధరలు పెట్టి ఉంచమని కోరే ఆన్‌లైన్ బుకింగ్ యాప్‌లతో వ్యాపారం ఎలా చేయాలన్నది నన్ను చాలామంది అడిగే ప్రశ్న. కృష్ణ ఒడ్డునే ఉన్న సోమశిలలోనూ, నల్లమలలోని మన్ననూరు వైపూ కొత్తగా గదులు కట్టుకుంటున్నవారు కూడా అడుగుతున్నారు కాబట్టి, ఇక్కడి హిల్ కాలనీలో మా పది గదుల లాడ్జీని మేం ఎలా నడుపుతున్నామో వివరంగా రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు చెప్పవలసింది నీటి లెక్క గురించి. వానాకాలంలో నేను పొద్దున్నే మొదట తెరిచేది బుకింగ్ యాప్ కాదు, ప్రాజెక్టుల నీటిమట్టాల పట్టిక. కర్ణాటకలోని ఆలమట్టి, నారాయణపూర్ నిండితే ఆ నీరు గద్వాల దగ్గరి జూరాలకు చేరుతుంది; అక్కడి నుంచి వచ్చేదీ, తుంగభద్ర మీది సుంకేశుల నుంచి వచ్చేదీ కలిసి శ్రీశైలం జలాశయంలో చేరతాయి. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. అది నిండే దశకు వచ్చి గేట్లు ఎత్తితేనే సాగర్‌కు భారీగా నీరు వస్తుంది. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, నిల్వ సామర్థ్యం సుమారు 312 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు).

క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు; లక్ష క్యూసెక్కుల ప్రవాహం ఒక రోజంతా వస్తే 8.64 టీఎంసీలు అవుతుంది. ఈ ఒక్క అంకె గుర్తుంటే మిగిలింది కూడికలు, తీసివేతలే. సాగర్‌లో 260 టీఎంసీలు ఉన్నాయనుకుందాం, అంటే ఇంకా 52 టీఎంసీల ఖాళీ ఉంది. శ్రీశైలం నుంచి మూడు లక్షల క్యూసెక్కులు వస్తూ ఉంటే రోజుకు దాదాపు 26 టీఎంసీలు చేరతాయి. అందులో కుడి, ఎడమ కాలువలకూ విద్యుదుత్పత్తికీ కలిపి ఒక ఆరు టీఎంసీలు పోతాయనుకుంటే, రోజుకు 20 నిలుస్తాయి. అంటే రెండున్నర రోజుల్లో జలాశయం నిండుతుంది. ప్రవాహం మరీ ఎక్కువగా ఉన్నప్పుడు ఇంజినీర్లు 590 అడుగులు చేరేదాకా ఆగకుండా కొంత ముందే గేట్లు ఎత్తడమూ ఉంటుంది. ఈ లెక్క తప్పిపోయే రోజులు లేకపోలేదు, ఎగువన వాన ఆగితే మొత్తం మారిపోతుంది. అయినా హైదరాబాద్‌లోని యాత్రికుడు టీవీలో గేట్ల దృశ్యం చూసి ఫోన్ తీసే సమయానికి మేం సిద్ధంగా ఉండాలంటే దీన్ని మించిన ఆధారం నాకు కనిపించలేదు. గేట్లు ఎత్తిన వార్త వచ్చిన సాయంత్రం బుకింగ్‌లు ఒక్కసారిగా వచ్చి పడతాయి. అప్పుడు కూర్చుని ధరలు, గదులు సరిచేయడానికి తీరిక ఉండదు.

అందుకే ఏడాదిని రెండు భాగాలుగా చూస్తాను. ముందే తెలిసిన రద్దీ ఒకటి: దసరా సెలవులు, కార్తీక మాసపు ఆదివారాలు, డిసెంబరు చివరి వారం, సంక్రాంతి, జనవరి 26కి ఆనుకుని శని, ఆదివారాలు వస్తే అవి. ఈ తేదీలకు గదులను మూడు నాలుగు నెలల ముందే యాప్‌లలో తెరిచి పెట్టవచ్చు, ఎందుకంటే కుటుంబాలు అప్పటికే ఆలోచించుకుంటాయి, ధర కూడా స్థిరంగా చెప్పవచ్చు. రెండోది నీటి మీద ఆధారపడిన రద్దీ: జూలై నుంచి అక్టోబరు దాకా ఎప్పుడైనా రావచ్చు, అసలు రాకపోవచ్చు. ఈ నెలలకు నేను పదింటిలో నాలుగు గదులను మాత్రమే ముందుగా తెరుస్తాను. శ్రీశైలంలో నీరు 875 అడుగులు దాటిందని చూసినప్పుడు ఇంకో నాలుగు తెరుస్తాను. మిగిలిన రెండూ ఏ యాప్‌లోనూ ఎన్నడూ పెట్టను. అవి నేరుగా ఫోన్ చేసేవారికి, ఏళ్లుగా వస్తున్నవారికి, రాత్రి పొద్దుపోయాక చిన్నపిల్లలతో వచ్చి గుమ్మం ముందు నిలబడేవారికి. గదులన్నీ ముందే తెరిచి ఉంచితే లాభం కదా అని కొందరంటారు. ఖాళీ వారంలో పెట్టిన తక్కువ ధరకే గేట్ల వారంలో గదులన్నీ అమ్ముడైపోతాయి, ఒప్పుకున్న ధరను తర్వాత పెంచడం అన్యాయం. వచ్చిన అతిథిని గుమ్మం దగ్గర ఎక్కువ ధర అడిగే పద్ధతిని నేను మొదటి నుంచీ వ్యతిరేకిస్తాను. ఎంతకు ఒప్పుకున్నామో అంతకే ఇవ్వాలి. అందుకోసమే ముందు జాగ్రత్తగా తెరవాలి.

ఇక రోజువారీ పనిలో అసలు ప్రమాదం ఒకే గది ఇద్దరికి పోవడం. మేక్‌మైట్రిప్, గోఐబిబో, బుకింగ్‌డాట్‌కామ్, ఎయిర్‌బీఎన్‌బీ లాంటి వాటిలో రెండు మూడింట గదులు పెట్టినవారికి ఇది నిత్యం పొంచి ఉండేదే. ఒక యాప్‌లో బుక్ అయిన తేదీని ఇంకో యాప్‌లో మూసేందుకు ఐకాల్ అనే క్యాలెండర్ లింకు కొన్నిటిలో ఉంటుంది, ఖర్చేమీ లేదు. కానీ ఆ లింకు వెంటనే పనిచేయదు. కొన్ని గంటలకోసారి మాత్రమే తేదీలను తెచ్చుకుంటుంది. మంగళ, బుధవారాల్లో అది చాలు. గేట్లు తెరిచిన శుక్రవారం సాయంత్రం ఆ రెండు మూడు గంటల్లోనే గదులన్నీ పోతాయి కాబట్టి, ఆ లింకునే నమ్ముకోవడం ఆ రోజుల్లో చాలా ప్రమాదకరం. ఛానెల్ మేనేజర్ అనే సాఫ్ట్‌వేర్ తీసుకుంటే ఒక చోట బుక్ కాగానే అన్ని చోట్లా లెక్క మారుతుంది, దానికి నెలనెలా చందా కట్టాలి. ఇరవై గదులు దాటినవారికి అది తప్పనిసరి అని నా అభిప్రాయం. పది గదుల వారికి మాత్రం ఒక చిన్న నియమం చాలు: యాప్‌లలో తెరిచిన గదుల్లో రెండే మిగిలాయంటే వెంటనే అన్నిటిలోనూ ఆ తేదీని మూసివేయాలి, ఆ రెండింటినీ ఫోన్ మీదే ఇవ్వాలి. దీనివల్ల అప్పుడప్పుడూ ఒక గది ఖాళీగా మిగిలిపోతుంది. వంద మైళ్ల దూరం నుంచి ముసలివాళ్లను వెంటబెట్టుకుని వచ్చిన కుటుంబానికి గది లేదని చెప్పడంతో పోలిస్తే ఆ నష్టం లెక్కలోకి రాదు.

ఎన్ని యాప్‌లున్నా అసలు లెక్క ఒకే చోట ఉండాలి. మా ఇంట్లో అది మా మామయ్య చేతిలోని పొడుగు రిజిస్టరు. ఫోన్‌లో బుకింగ్ వచ్చిందని మోగగానే నేను ఆయనకు చెప్తాను, ఆయన తేదీ, గది నంబరు, పేరు, ఏ యాప్ నుంచి వచ్చింది, డబ్బు ముట్టిందా లేదా అన్నది రాస్తారు. రిజిస్టరులో రాసేదాకా ఆ బుకింగ్ పూర్తయినట్టు మేం భావించం. కంప్యూటర్‌లో షీటు పెట్టుకున్నా మంచిదే, కానీ ఒకే షీటు ఉండాలి, రాసే బాధ్యత ఒకరిదే అయి ఉండాలి. రద్దీ రోజుల్లో ఇక్కడ ఇంటర్నెట్ బాగా నెమ్మదిస్తుంది, ఒక్కో గంట ఏ పేజీ తెరుచుకోదు. అలాంటప్పుడు యాప్‌లో చూసి చెప్తానంటే కౌంటర్ ముందు వరుస పెరిగిపోతుంది, కాగితం మీద ఉన్నదే ఆదుకుంటుంది. అందుకే ఆ రోజు రావలసినవారి జాబితాను పొద్దున ఏడింటికల్లా రాసి తాళాల పెట్టె పక్కన పెట్టేస్తాం.

బుకింగ్ రాగానే నేను చేసే రెండో పని అతిథికి ఫోన్ చేయడం. యాప్ పంపే సందేశం సరిపోదా అంటే, సరిపోదు. ఎక్కువమంది అడిగేది ఒకటే ప్రశ్న: "అక్కా, గేట్లు ఎత్తిన్రా? ఆదివారం దాక ఉంటయా?" దీనికి నిజం చెప్పడమే మా వ్యాపారానికి పునాది అని నేను గట్టిగా నమ్ముతాను. ఈ రోజు ఎన్ని గేట్లు ఎత్తారు, ఇన్‌ఫ్లో (ఎగువ నుంచి వచ్చే నీరు) పెరుగుతోందా తగ్గుతోందా అన్నది చెప్పి, ఆదివారం సంగతి శనివారం సాయంత్రం గానీ తెలియదని స్పష్టంగా చెప్తాను. యాప్‌లలో మా పేజీ మీద 26 గేట్లూ తెరిచిన ఫోటోను ముందు పెట్టలేదు. ఆ ఫోటో పెడితే బుకింగ్‌లు పెరుగుతాయని అందరికీ తెలుసు. ఫిబ్రవరిలో వచ్చిన మనిషి ఆనకట్ట మీద చుక్క నీరు దూకకపోవడం చూసి మోసపోయానని అనుకుంటాడు, అలా అనుకోవడంలో అతని తప్పేమీ లేదు. మా పేజీలో ముందున్నవి గది, స్నానాల గది, వాహనాలు నిలిపే చోటు. గేట్ల ఫోటో చివరన ఉంది, దాని కింద ఏ నెలలో తీసిందో రాసి ఉంది.

అదే ఫోన్‌లో ఇంకొన్ని సంగతులు చెప్తాను. జలాశయం మధ్య దీవి మీదున్న నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవు. గురువారం రాత్రి దిగి శుక్రవారం లాంచీ ఎక్కుదామనుకునేవారికి ఇది ముందే తెలియాలి. శ్రీశైలానికి లాంచీ నీరు తగినంత ఉన్నప్పుడే నడుస్తుంది కాబట్టి దాన్ని నమ్ముకుని తిరుగు ప్రయాణం పెట్టుకోవద్దని చెప్తాను. ఎత్తిపోతల జలపాతం అవతలి ఒడ్డున, ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, ఇక్కడి నుంచి దగ్గరే. 2022 మేలో ప్రారంభమైన బౌద్ధ థీమ్ పార్కు బుద్ధవనం మాత్రం ఏ కాలంలోనైనా చూడవచ్చు, 274 ఎకరాల ప్రాంగణం కాబట్టి ఎండ తగ్గాక వెళ్లమంటాను. నీళ్లు లేని నెలల్లో సాగర్‌కు వచ్చేవారికి బుద్ధవనమే ముఖ్య ఆకర్షణ అయింది. సోమ, మంగళవారాల్లో కూడా ఒకటి రెండు గదులు నిండడం దాని వల్లనే.

ఎంతమంది వస్తున్నారన్నది కూడా అడిగి తీరాలి. యాప్‌లో ఇద్దరు పెద్దవాళ్లని నింపి, ఇన్నోవాలో ఏడుగురు దిగడం మా దగ్గర సర్వసాధారణం. అందులో దురుద్దేశం ఉండదు, మన కుటుంబాలు ప్రయాణించే తీరే అంత. ఆఖరి నిమిషంలో చిన్నమ్మ, ఆమె పిల్లలు కూడా బయలుదేరతారు. ముందే తెలిస్తే పక్క గదిని వారికే అట్టిపెట్టవచ్చు, లేదా రెండు పరుపులు అదనంగా వేసి దాని ధర ఎంతో ఫోన్‌లోనే చెప్పవచ్చు. తెలియకపోతే రాత్రి పదింటికి గుమ్మం దగ్గర వాదన మొదలవుతుంది, మరునాటి రివ్యూ దాని గురించే ఉంటుంది.

ఇంకొక ఇబ్బంది ఆదివారం పగటి గదులది. హైదరాబాద్ నుంచి ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి మీదుగా వచ్చే దారి సుమారు 150 కిలోమీటర్లే కాబట్టి, చాలామంది తెల్లవారుజామున బయలుదేరి పొద్దున తొమ్మిదికల్లా వస్తారు, ఫ్రెషప్ కోసం గది కావాలంటారు, చీకటి పడేలోపు వెళ్లిపోతారు. యాప్‌లు మధ్యాహ్నం పన్నెండుకు దిగి మర్నాడు పదకొండుకు ఖాళీ చేసే లెక్కలో నడుస్తాయి. ఈ రెండూ ఒకే గదిలో పొసగాలంటే గది శుభ్రం చేసేవారి సమయమే కీలకం. శనివారం రాత్రి అతిథులు ఎప్పుడు బయలుదేరతారో ఆ రాత్రే అడిగి రాసుకుంటాం. ఎనిమిదింటికే వెళ్లేవారి గదులు పగటివారికి, పదకొండు దాకా ఉండేవారి గదులు యాప్‌లో రాత్రికి బుక్ చేసుకున్నవారికి. గదులు తుడిచే ఇద్దరు అక్కలకు ఆ రోజు రెట్టింపు పని కాబట్టి కూలీ కూడా అలాగే ఇస్తాం.

డబ్బు విషయానికి వస్తే, యాప్ ద్వారా వచ్చిన రెండు వేల రూపాయల గదికి రెండు వేలూ చేతికి రావు. కమీషన్ 20 శాతం ఉంటే 400 పోతుంది, ఆ కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ అంటే ఇంకో 72, వెరసి మిగిలేది 1,528. ధర నిర్ణయించేటప్పుడు ఈ చివరి అంకెను ముందు పెట్టుకోవాలి. గది మీద పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి మారింది. రోజుకు 7,500 రూపాయల లోపు గదులకు 12 శాతం బదులు 5 శాతమే, అయితే కొనుగోళ్ల మీద కట్టిన పన్నును తిరిగి మినహాయించుకునే వీలు లేదు. ఏడాది ఆదాయం 20 లక్షల లోపు ఉండి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని లాడ్జీ గదిని యాప్ ద్వారా ఇస్తే, ఆ పన్ను యాప్ సంస్థే కడుతుంది. నేరుగా ఫోన్ చేసినవారికి కమీషన్ మిగులుతుంది కాబట్టి ఆ మేరకు తగ్గించి ఇవ్వడం న్యాయమే. అయితే యాప్ ద్వారా వచ్చిన అతిథిని అది రద్దు చేసుకుని నేరుగా రమ్మని అడగడం మాత్రం నేను చేయను. ఆ అతిథిని తెచ్చింది ఆ యాప్, దాని వాటా దానిదే.

రద్దు నియమాల మీద చాలా ఆలోచించి ఒక పద్ధతికి వచ్చాం. మామూలు రోజుల్లో రెండు రోజుల ముందు దాకా రద్దు చేసుకుంటే మొత్తం తిరిగి ఇస్తాం. గేట్లు తెరిచి ఉన్న శని, ఆదివారాలకు మాత్రం ముందుగా పూర్తి డబ్బు తీసుకుంటాం, తిరిగి ఇవ్వం. కానీ వారు రావలసిన తేదీ లోపే గేట్లు మూసేస్తే, ఆ డబ్బుకు ఏడాదిలోపు ఏ వారమైనా వచ్చి ఉండవచ్చని రాసి ఇస్తాం. నది మీద వారికీ మాకూ అధికారం లేదు, నష్టం ఒక్కరి మీదే పడకూడదు. యాప్‌లలో ఇలాంటి షరతు పెట్టేందుకు గడి ఉండదు, అందుకే గేట్ల వారాల్లో యాప్‌లలోనూ తిరిగి ఇవ్వని పద్ధతిని ఎంచుకుని, తేదీ మార్పు సంగతి ఫోన్‌లో, వాట్సాప్‌లో రాతపూర్వకంగా చెప్తాను.

మోసాల గురించి చెప్పకుండా ఈ సంగతి పూర్తి కాదు, ముఖ్యంగా కొత్తవారి కోసం. తాను ఆర్మీ అధికారినని, జవాన్లకు నాలుగైదు గదులు ఒకేసారి కావాలని హిందీలో మాట్లాడుతూ, అడ్వాన్స్ పంపడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టమనే ఫోన్లు దేశమంతటా లాడ్జీలకు వస్తున్నాయి. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే, తీసుకోవడానికి ఎన్నడూ అక్కరలేదు. ఈ ఒక్క మాట కౌంటర్ దగ్గర కూర్చునే ప్రతి ఒక్కరికీ చెప్పి ఉంచాలి. చెల్లించినట్టు స్క్రీన్‌షాట్ పంపేవారి విషయంలో బ్యాంకు ఖాతా చూసుకున్నాకే రిజిస్టరులో రాయాలి. గూగుల్ మ్యాప్స్‌లో మీ లాడ్జీ పేరు కింద మీ నంబరే ఉందో లేదో వారానికోసారి చూడండి; వేరే నంబరు చేర్చి యాత్రికుల దగ్గర అడ్వాన్స్ వసూలు చేసే ముఠాలున్నాయి, మీకు తెలియకుండానే మీ పేరు మీద ఎవరో మోసపోతారు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

గుర్తింపు కార్డు ఆన్‌లైన్‌లో బుక్ చేసినవారికైనా తప్పదు. ఆధార్ ఇచ్చేవారిని చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇమ్మంటాను. బుద్ధవనం చూడడానికి విదేశీయులు కూడా వస్తుంటారు కాబట్టి వారు దిగిన 24 గంటల్లోపు వారి వివరాల ఫారాన్ని ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి పంపాలన్నది మరవకూడదు.

ఏప్రిల్, మే నెలల్లో నేను యాప్‌లలో సగం గదులు మూసేస్తాను. పైపులు, సున్నాలు, ఏసీల పని అప్పుడే.

కొందరు అతిథులు ఇప్పటి నుంచే 2028 గురించి అడుగుతున్నారు. కృష్ణా పుష్కరాలు కిందటిసారి 2016 ఆగస్టు 12 నుంచి 23 దాకా జరిగాయి, పన్నెండేళ్ల లెక్కన మళ్లీ 2028లో రావాలి. ఆ పన్నెండు రోజులకు ఇక్కడి గదులేవీ చాలవు, ధరలు ఆకాశాన్ని తాకుతాయని ఇప్పటి నుంచే ఊరంతా అనుకుంటోంది. ప్రభుత్వం తేదీలు ప్రకటించేదాకా ఆ రోజులను ఏ యాప్‌లోనూ తెరవకూడదని మేం నిర్ణయించుకున్నాం. ప్రకటించాక ఒక్కో కుటుంబానికి రెండు రాత్రులకు మించి ఇవ్వకుండా, మామూలు ఆగస్టు ఆదివారపు ధరకే, ముందు ఫోన్ చేసినవారి వరుస ప్రకారం ఇస్తాం. ఆ వరుస రాసుకోవడానికి మామయ్య విడిగా ఒక రిజిస్టరు ఇప్పటికే తెచ్చి పెట్టారు.